నాలుగు లేని పుస్తకం

పోయిన వారం మీరు నన్ను ప్రెస్సులో, బైండింగ్ బల్ల ముందు, దారం ఎక్కించిన సూదితో వదిలేసి మీ పనుల్లోకి మీరు వెళ్లిపోయారు. నేను మాత్రం వారం రోజులుగా ఆ సూది పట్టుకునే ఉన్నాను. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్తాను. ఈ మాట మా అమ్మాయి వింటే, “మూడు ముక్కలూ ఇంకో ముక్కా అనమ్మా” అని దిద్దుతుంది. దానికి నాలుగు గిట్టదు. ఆ అంకె కంటబడితే ఒంటికి గరుకు గుడ్డ రాసుకున్నట్టు ఉంటుందట. నాలుగు కంచాలు తెమ్మంటే మూడు తెచ్చి బల్ల మీద పెట్టి, మళ్లీ వెళ్లి ఇంకొకటి తెస్తుంది. మిగతా అంకెలన్నీ దాని మాట వింటాయి.

పదకొండేళ్ల పిల్ల. ఆలోచనలో పడితే సన్నగా ఝుమ్మంటూ ఉంటుంది. అందుకని బళ్లో పిల్లలు ‘కందిరీగ’ అని పేరు పెట్టారు. గంట మోగితే చెవులు మూసుకుని బెంచీ కింద దూరుతుంది. ఆ బెంచీ కిందే కూర్చుని గళ్ల లెక్కలు కడుతుంది. చదరంగా గళ్లు గీసి, కొన్నింట్లో అంకెలు వేసి, ఏ వరస కూడితే ఎంత రావాలో అంచున రాసి, ఖాళీలు మనల్ని నింపమంటుంది. అలా పదిహేడు నోట్సులు నిండాయి. వాళ్ల లెక్కల సారు దిద్దుతానని వాటిని పట్టుకెళ్లి, ఒక్కోటి వారం రోజులు తన దగ్గరే ఉంచుకునేవాడు. తిరిగొచ్చేసరికి ప్రతి పేజీ మీదా ఎర్ర సిరా. ‘పిచ్చిగీతలు. సమయం వృథా.’ కింద సంతకం, తేదీ. కొన్నాళ్లకి పిల్లని క్లాసులోంచి లేపి, విరిగిన బెంచీలు పడేసే వెనక గదిలో కూర్చోబెట్టారు. తర్వాత ఉత్తరం వచ్చింది. ఈ నెలాఖరుకి మీ అమ్మాయి పేరు తీసేస్తున్నాం, దానికి తగిన చోటు చూసుకోండి అని.

సరిగ్గా ఆ వారమే మా ప్రెస్సుకి ఒక పుస్తకం అచ్చుకొచ్చింది. పేరు ‘నూట ఇరవై గళ్ల లెక్కలు’. రచయిత లెక్కల సారు. ఫారాలు, అంటే అచ్చయిన పెద్ద కాగితాలు, మడత పెడుతుంటే మూడోదాని దగ్గరే నా చెయ్యి ఆగిపోయింది. కన్నబిడ్డ నడక ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది కదా, ఆ లెక్కలూ నాకు అలాగే తెలిశాయి. వెళ్లి హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పాను. ఆవిడ చూస్తున్న కాగితం మీంచి తల కూడా ఎత్తలేదు. “మీరు కాగితాలు మడిచే మనిషి. లెక్కల సంగతి మీకెందుకమ్మా?” అంది. విసుక్కుని ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. నవ్వుతూ అంది. అందుకే సూది తీశాను.

మా ప్రెస్సులో ఒక ఆనవాయితీ ఉంది. ఏ పుస్తకమైనా మొదటి ప్రతి మిషను మీద కుట్టం. ముఖ్య అతిథి కోసం చేత్తో కుట్టి, గట్టి అట్ట వేసి, రిబ్బను కట్టి పెడతాం. ఆ ముడి అతిథి విప్పాలి. ఈలోగా రచయిత కూడా తెరిచి చూడడు. పాతికేళ్లుగా ఆ ప్రతి కుట్టేది నేనే. మా ముసలి ఓనరుకి నా కుట్టు మీద ఎంత నమ్మకమంటే, కట్టిన పుస్తకం చేత్తో బరువు చూసి “బాగుంది” అంటాడు, అంతే.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచాక సంచిలోంచి పదిహేడో నోట్సు తీశాను. నోట్సుకి నడిమధ్యన రెండే కుట్లు ఉంటాయి. అవి విప్పితే నడిమి కాగితాలు వాటంతటవే ఊడొస్తాయి. ఎనిమిది పేజీలు తీసుకున్నాను. ఎనిమిదింటి మీదా మా పిల్ల పెన్సిలు రాత, దాని మీద అడ్డంగా ఆయన ఎర్ర సంతకం. వాటిని పుస్తకం సరిగ్గా సగంలో పెట్టి, ఫారాలతో కలిపి బిగించి కుట్టాను. కుట్టు పుస్తకం సంగతి మీకు తెలియకపోవచ్చు. నడుమ వేరే రకం కాగితం బిగిస్తే, ఎవరు తెరిచినా అక్కడే తెరుచుకుంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, దాచి లాభం లేదు. మా అమ్మాయి ప్రతి ఉదయం అలమరలో నోట్సులు వరసగా ఉన్నాయో లేదో అట్టలు తడిమి చూసుకుంటుంది. అందుకని పదిహేడో దాని చోట అదే రంగు అట్ట ఉన్న ఖాళీ నోట్సు పెట్టాను. పిల్లని అడగలేదు. అడిగితే వద్దంటుంది. వద్దంటే నా పగ ఎలా తీరుతుంది?

సభ మూడింటికి, బడి హాల్లో. ముందు వరసల్లో మంచి మార్కుల పిల్లలు, వెనక వాళ్ల తల్లిదండ్రులు, అందరికన్నా చివర, చెప్పుల గుట్ట పక్కన, వెనక గది పిల్లలు. మా అమ్మాయి అక్కడ నా పక్కనే కూర్చుంది. మైకు కీచుమంటే తట్టుకోలేదని, లోపల దూది పెట్టి కుట్టిన చెవుల టోపీ పెట్టాను. అది వేళ్లతో మోకాలి మీద ఏదో లెక్క వేసుకుంటూ ఝుమ్మంటోంది. సారు వేదిక మీదకి వెళ్తూ వెళ్తూ మా దగ్గర ఆగాడు. కొత్త చొక్కా, జేబులో ఎర్ర పెన్ను.

“ఏంటమ్మా, ఈ మోత కాస్త ఆపిస్తారా? పెద్దవాళ్లొచ్చారు.”

“అలాగే సార్. ఇంకాసేపట్లో అన్ని మోతలూ ఆగుతాయి” అన్నాను.

ఆయన సంతోషంగా తలూపి వెళ్లాడు.

ముఖ్య అతిథి ఒక పెద్దావిడ. ఎన్నో ఏళ్లు కాలేజీలో లెక్కలు చెప్పిందట. జుట్టంతా తెలుపు, చేతిలో కర్ర, మెడలో తాడుకి కట్టిన కళ్లజోడు. పొగడ్తలు నడుస్తుంటే కునుకు తీస్తోందేమో అనిపించింది. సారు మైకు అందుకుని, “ఈ నూట ఇరవై లెక్కలూ నా పదేళ్ల తపస్సు” అన్నాడు. “నా విద్యార్థులకి, ముఖ్యంగా చదువులో వెనకబడ్డ పిల్లలకి, ఇది అంకితం” అని మా వరస వైపు చెయ్యి కూడా చూపించాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం విన్నాను గానీ, ఆ దానం ఆ అత్తకే చెయ్యడం అదే మొదటిసారి చూడటం.

ఓనరు పుస్తకం అందించాడు. పెద్దావిడ రిబ్బను లాగింది. కళ్లజోడు పెట్టుకుని తెరిచింది. నడిమిలో తెరుచుకుంది.

హాల్లో చప్పట్లు. ఆవిడ మాత్రం తలెత్తలేదు. ఒక పేజీ తిప్పింది, ఇంకోటి తిప్పింది, వెనక్కొచ్చింది. చప్పట్లు ఒకచోట తగ్గి, ఇంకోచోట తగ్గి, పూర్తిగా ఆగాయి. నా గుండె మాత్రం ఆగలేదు. సంతోషంతో కొట్టుకుంటోంది. అవును, సంతోషమే. ఇంకో పేరు పెట్టి మిమ్మల్ని మోసం చెయ్యను.

“మాస్టారూ, ఈ పెన్సిలు రాత ఎవరిది?” అంది పెద్దావిడ.

“పెన్సిలా?” సారు వంగి చూశాడు. చూడగానే తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. అరవలేడు, ఊరుకోలేడు. హెడ్‌మిస్ట్రెస్ కూడా వంగింది. ఆవిడ నవ్వు ఎటు పోయిందో కనబడలేదు.

నేను లేచాను. “అది నా కూతురు రాత. ఆ ఎర్ర సిరా సారుది. కింద తేదీలు కూడా ఉన్నాయి చూడండమ్మా. ఏడాదిన్నర కిందటివి. ఆ పేజీల్లో ఉన్న లెక్కలే మీ చేతిలో పుస్తకంలో ముప్పై ఒకటి నుంచి ముప్పై ఎనిమిది దాకా ఉన్నాయి.”

సారు అంత తేలిగ్గా దొరికే మనిషి కాదు. నవ్వాడు. “ఓహ్, ఇదా! మేడమ్, ఇవి నేను క్లాసులో ఇంటిపనికి ఇచ్చిన లెక్కలు. ఈ అమ్మాయి చెయ్యలేక ఉత్తినే చూసి దించింది. అందుకే సమయం వృథా అని రాశాను. పాపం, దాని పరిస్థితి మీకు తెలియదు. వాళ్లమ్మకేమో అది పెద్ద మేధావి అని భ్రమ.”

తల్లిదండ్రుల్లో కొందరు జాలిగా నా వైపు తిరిగారు. వాళ్లు తిరుగుతారని నాకు తెలుసు. దీని కోసమే ఇంకో దెబ్బ దాచుకుని వచ్చాను.

“సరే సార్. లెక్కలు మీవేనన్నారు. నూట ఇరవై ఉన్నాయి. వాటిలో ఎక్కడైనా ఒక్క నాలుగు చూపించండి” అన్నాను.

“ఏంటి?”

“నాలుగు అంకె. ప్రశ్నలో గానీ జవాబులో గానీ. పద్నాలుగు వద్దు, నలభై వద్దు, ఉత్త నాలుగైనా చాలు. పేజీ అంకెలూ, లెక్కల వరస అంకెలూ చూపించకండి, అవి మా ప్రెస్సు వేసినవి. నా కూతురికి నాలుగంటే పడదు. అది తన లెక్కల్లోకి దాన్ని రానివ్వదు. ఏ మనిషైనా పదేళ్లు కూర్చుని, నూట ఇరవై లెక్కలు కట్టి, ఒక్కసారి కూడా నాలుగు రాయకుండా ఉంటాడా?”

పెద్దావిడ కళ్లజోడు సర్దుకుంది. మొదటి పేజీ నుంచి తిప్పడం మొదలుపెట్టింది. వేలు గళ్ల మీద పాకుతోంది. హాల్లో కాగితం చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఇరవై. యాభై. డెబ్భై. సారు నుదుటి మీద చెమట నాకు చివరి వరస నుంచి కూడా కనిపిస్తోంది. చూసుకోలేదు మహానుభావుడు! పేజీ పేజీకీ సంతకాలు గిలికాడు గానీ, పిల్ల ఏం రాసిందో, ఏం రాయలేదో ఒక్కసారి సరిగ్గా చూడలేదు.

అప్పుడు ఆవిడ వేలు ఆగింది. “ఎనభై ఎనిమిదిలో ఉందమ్మా. మూడో వరసలో. నాలుగే ఇది.”

ఫారాలన్నీ నేనే మడిచాను, నాలుగు కోసం వెతికాను కూడా. ఆ ఒక్కటీ తప్ప. అది మడిచిన రోజు జ్వరంతో ఇంట్లో ఉన్నాను.

సారు మొహం వెలిగిపోయింది. “చూశారా! చూశారా మేడమ్! ఆ ఎనభై ఎనిమిది అచ్చంగా నా సొంత లెక్క. నా చేత్తో కట్టాను. కావాలంటే స్టాఫ్ రూంలో అందరినీ అడగండి. ఇప్పుడేమంటావమ్మా?”

నా పక్కన ఝుమ్మనడం ఆగిపోయింది. మా అమ్మాయి టోపీ ఒక చెవి పైకెత్తింది.

“అది నాది కాదు” అంది. గట్టిగా చెప్పలేదు, ఎప్పుడూ చెప్పదు. అయినా ఆ నిశ్శబ్దంలో అందరికీ వినబడింది. “దానికి జవాబు రాదు. అడ్డం వరసల అంచు అంకెలన్నీ కూడితే యాభై ఒకటి. నిలువు వరసలవి కూడితే యాభై. లోపల ఉన్నవి అవే గళ్లు కదా. ఎటు నుంచి కూడినా ఒకటే రావాలి. సారు మర్చిపోయారు.”

“నీకా లెక్క ఎలా తెలుసు తల్లీ?” అంది పెద్దావిడ.

“ముందు వరసలో వాళ్ల చేతుల్లో పుస్తకాలున్నాయి. ఇందాక చెప్పులు విప్పుతున్నప్పుడు ఒకమ్మాయి తెరిచింది.”

పెద్దావిడ తన పెన్ను తీసి అంచున కూడింది. రెండోసారి కూడింది. తర్వాత కళ్లజోడు పైనుంచి సారుని చూసింది. “యాభై ఒకటి, యాభై. మాస్టారూ, ఇది అచ్చుతప్పేమో అనేదాన్ని. కానీ మీ చేత్తో మీరే కట్టానన్నారు.”

ఆ క్షణాన ఆయన్ని చూసి ఎవరికైనా జాలి కలిగితే కలిగిందేమో, నాకు కలగలేదు. నూట పంతొమ్మిది దొంగిలించి, ఒక్కటంటే ఒక్కటి సొంతంగా కట్టి, దానికే దొరికాడు. కూర్చోబోతే నేను కూర్చోనివ్వలేదు. నడుచుకుంటూ వేదిక దగ్గరకి వెళ్లాను. “ఒక్కసారి ఉండండి సార్. ఆ ఎర్ర సిరా రాతలు మైకులో చదవండి. మీ అక్షరాలే కదా, మీకే బాగా తెలుస్తాయి.”

“ఇక చాలమ్మా...” అని హెడ్‌మిస్ట్రెస్ సణిగింది.

“మీకు కాదు మేడమ్, ఆయనకి చెప్తున్నాను. నేను కాగితాలు మడిచే మనిషిని. నాకు చదవడం రాదనుకోండి.”

పెద్దావిడ అడ్డు చెప్పలేదు. పుస్తకం ఆయన ముందుకి జరిపింది. ఆయన చదివాడు. ‘పిచ్చిగీతలు. సమయం వృథా.’ తర్వాతి పేజీ అన్నాను. ‘పిచ్చిగీతలు. సమయం వృథా.’ తర్వాతిది. మూడో పేజీకే కథ ముగిసిపోయింది, తండ్రులు లేచి అరుస్తున్నారు, హెడ్‌మిస్ట్రెస్ ఆ పేరు తీసేసే ఉత్తరం రద్దు చేస్తున్నాం, చేస్తున్నాం అంటోంది. నేను వదల్లేదు. నా బిడ్డ వెనక గదిలో ఎన్నాళ్లు కూర్చుందో అన్ని పేజీలు లేవు నా దగ్గర, ఎనిమిదే ఉన్నాయి. ఎనిమిదీ చదివించాలి. నాకు మరీ తియ్యగా ఉంది.

ఆరో పేజీ దగ్గర నా పక్కనుంచి ఒక చిన్న చెయ్యి పుస్తకం మీదకి వచ్చింది. మా అమ్మాయి ఎప్పుడు వేదిక ఎక్కిందో చూడలేదు. పేజీ అంచు పట్టుకుని, నడుమ కుట్టు దాకా వేలితో తడుముకుంటూ వెళ్లింది. నేను బిగించిన కొత్త దారం దగ్గర వేలు ఆగింది.

“ఇది పదిహేడో నోట్సు” అంది.

“అవును బంగారం, నీకోసమే...”

“పదిహేడో నోట్సు అలమరలో ఉంది. పొద్దున్న చూశాను.”

మా పిల్ల లెక్క తప్పదు. అలమరలో పదిహేడు అట్టలు, ఇక్కడ పదిహేడోదాని పొట్ట. రెండూ ఎలా కుదురుతాయో అది కాసేపు చూసుకుంది. దాని పెదాలు కదులుతున్నాయి. ఆ తర్వాత ఇక కదల్లేదు.

“కుట్టు విప్పింది నువ్వే. ఖాళీది పెట్టింది కూడా నువ్వే” అంది. నా మొహం ఎప్పుడూ చూడదు, నా గాజుల్ని చూస్తూ చెప్పింది. “సారు అడగకుండా తీసుకున్నారు. నువ్వు కూడా అడగకుండా తీసుకున్నావ్.”

“నేను తల్లినే! ఆయనా నేనూ ఒకటేనా?”

“ఆయన కుట్టు విప్పలేదు” అంది.

అంత జనంలో, ఆయన్ని నిలబెట్టి చదివించిన ఆ మైకు ముందే నేను నిలబడ్డాను. పాతికేళ్లుగా పుస్తకాలు కుట్టిన చేతులివి. ఒక్క పిల్ల పుస్తకం విప్పేటప్పుడు ఆగలేదు. మళ్లీ కుట్టేస్తాను, అదే కాగితం, అదే చోటు, తేడా కూడా తెలియదు అని ఏదేదో చెప్పాను. అది టోపీ రెండు చెవుల మీదకీ లాక్కుంది.

పెద్దావిడ కర్ర ఊతంగా వంగి, దాని ఎత్తుకి వచ్చింది. టోపీ తియ్యమనలేదు. ఒక కాగితం మీద ‘మాట్లాడొచ్చా?’ అని రాసి దాని ముందు పెట్టింది. పిల్ల అది చదివి, టోపీ ఒక చెవి మాత్రం పైకెత్తింది.

“నేనొక బడి నడుపుతున్నాను. నీలాంటి పిల్లలు పంతొమ్మిది మంది ఉన్నారు” అంది పెద్దావిడ. “వస్తావా అని నిన్నే అడుగుతున్నాను. మీ అమ్మని తర్వాత అడుగుతాను.”

“గంట కొడతారా?”

“కొట్టం. దీపం వెలిగిస్తాం.”

“నోట్సులు ఎవరు తీసుకుంటారు?”

“నువ్వు ఇస్తే తీసుకుంటాం. ఇవ్వకపోతే లేదు.”

“దూరమా?”

“రోజంతా రైలు. సెలవలకే ఇంటికి.”

రోజంతా రైలు. పిల్ల వైపు చూశాను. ఇంటికి వెళ్దాం పద అంటుందనుకున్నాను. కొత్త చోటు, కొత్త మంచం, కొత్త కంచం అంటే మూడు రోజులు అన్నం మానే పిల్ల. అది కళ్లు మూసుకుని ఝుమ్మంది. ఆలోచన అయిపోగానే ఆపేసింది.

“వస్తాను” అంది.

పెద్దావిడ నిటారుగా లేచి నా వైపు తిరిగింది. “ఎల్లుండి పొద్దున్నే నా రైలు. ఆమె మాట విన్నాను. ఇక మీ సంతకం కావాలి” అని తన పెన్ను నా చేతికిచ్చింది.

“తల్లీ, ఒక్కసారి నా మాట విను. ఇంటికెళ్లి, నెమ్మదిగా సర్దుకుంటూ మాట్లాడుకుందాం” అన్నాను.

“పెట్టె నేనే సర్దుకుంటాను” అంది మా అమ్మాయి. “నువ్వు నా వస్తువులు ముట్టుకోకు.”

పక్కనే ఇంకా మైకు పట్టుకుని నిలబడ్డ లెక్కల సారు ఆ మాట విన్నాడు. నన్ను తేరిపార చూసి, ఆ సాయంత్రం మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వాడు.